పొడి కలపని ముద్ద

మా కుక్క బక్కచిక్కిపోవడానికి నా పిసినారితనమే కారణమని మా అపార్ట్‌మెంట్ మొత్తం నమ్మిన రోజులున్నాయి. పుప్పాలగూడలో మాది పద్నాలుగు అంతస్తుల బిల్డింగు. లిఫ్టులో నాతో ఎక్కిన ప్రతివాళ్ళూ ముందు కుక్క పక్కటెముకలు చూసేవాళ్ళు, తర్వాత నా ముఖం చూసేవాళ్ళు, ఆ తర్వాత మారుతున్న అంకెల వంక చూస్తూ నిట్టూర్చేవాళ్ళు. ఒకావిడ అయితే నాకు వినపడేటట్టు కుక్కతోనే మాట్లాడింది: "ఏం బేటా, ఇంట్ల అన్నం పెడ్తలేరా నీకు?"

అన్నం పెట్టకపోవడమా! రోజుకు మూడు పూటలు, పూటకు మూడు వందల యాభై గ్రాములు, తూచి పెట్టేదాన్ని. తూచడం నాకు కొత్త కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికలు, కొలతల శాఖలో పనిచేశాను. బజారులో కాటాలు పరీక్షించి, సరైన వాటికి ముద్ర వేయించి, అడుగున తొలిచిన దొంగ రాళ్ళను పట్టుకున్నదాన్ని. రిటైరై పదహారేళ్ళు. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర నేను నిలబడితే అతను కాటాను ఒకసారి సున్నాకు తెచ్చి గానీ ఉల్లిగడ్డలు వేయడు. అలాంటి నన్ను పట్టుకుని, తిండి తక్కువ పెడుతున్నానని అన్నారు.

కుక్కను తెచ్చింది నా మనవరాలు. హైటెక్ సిటీలో ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంట్లోనే చెవులకు డబ్బాలు తగిలించుకుని గోడతో మాట్లాడుతుంటుంది. ఇద్దరమే ఉంటాం కదా, తోడుగా ఉంటుందని ఒక కుక్కపిల్లను పట్టుకొచ్చింది. జర్మన్ షెపర్డ్ రక్తం, నఖశిఖపర్యంతం నలుపు, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. రెండేళ్ళు బాగానే పెరిగింది. మూడో ఏడు వేసవిలో తినడం పెరిగింది, ఒళ్ళు తగ్గింది. గిన్నె నాకి, గిన్నె కింద నేల నాకి, చెత్తబుట్ట బోర్లించి, సోఫా దిండు చింపి అందులోని స్పాంజి కూడా తినేది. ఆ తర్వాత తన మలం తానే తినడం మొదలుపెట్టింది. రాయడానికి బాగాలేని మాటే, కానీ ఉన్నది అదే. మలం పసుపుపచ్చగా, నూనె తేలుతూ, పెట్టిన తిండి కంటే ఎక్కువగా కుప్పలు పడేది. వాసన లిఫ్టులో ఆరో అంతస్తు దాకా ఉండేది. మేం ఉండేది నాలుగో అంతస్తులో.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఒక కుక్కల దవాఖాన ఉంది. డాక్టరమ్మ చిన్న వయసే, కానీ మాట నిక్కచ్చి. రాత్రంతా పస్తు ఉంచి తీసుకురమ్మంది, రక్తం తీసింది, ఎక్కడికో పంపింది. జూన్ పదకొండు, బుధవారం, రిపోర్టు వచ్చింది.

"మీ కుక్కకు ఆకలి జబ్బు కాదమ్మా," అంది డాక్టరమ్మ. "పొట్టలో క్లోమం అని ఒక గ్రంథి ఉంటది. తిన్నదాన్ని అరిగించే రసాలు అక్కడి నుంచే రావాలి. మీదానికి ఆ రసాలు దాదాపు రావట్లేదు. మీరు ఎంత పెట్టినా అటు నుంచి అటే వెళ్ళిపోతది. కడుపు నిండా తింటూ ఆకలితో చస్తున్నదన్నమాట."

"మరి మందు?"

"జబ్బు పోదు. ఆ రసాలను మనమే బయట నుంచి ఇవ్వాలి. జీవితాంతం."

ఒక డబ్బా చేతిలో పెట్టింది. లోపల గోధుమరంగు పొడి. మూత తీయగానే ఎండు చేపలూ పాత బెల్లమూ ఒకే గదిలో మూసిపెట్టిన వాసన. పంది క్లోమాన్ని ఎండబెట్టి చేసే పొడి అది. పూటకు ఒక చెంచా. తిండి వేడిగా ఉండకూడదు, వేడి తగిలితే పొడిలో పస చచ్చిపోతుంది. తడి చేసిన తిండిలో బాగా కలిపి, ఇరవై నిమిషాలు ఆగి పెట్టాలి. లేకపోతే పొడి నోట్లోనే పని మొదలుపెట్టి నోరు పుండవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర చెప్పింది, రెండుసార్లు చెప్పింది: "పొడి కలపకుండా నోట్లోకి ఏదీ పోవద్దు. ఒక్క బిస్కెట్టు కూడా."

ఆ రోజు తూకం ఇరవై రెండు కిలోల ఆరు వందల గ్రాములు. ఆ ఎత్తు కుక్క ముప్ఫైకి తక్కువ ఉండకూడదట. "పెరగడం మొదలైతే ఫికర్ లేదు," అంది డాక్టరమ్మ. "ఇరవై ఒకటికి దిగితే మాత్రం నేను ఏ మాటా ఇవ్వలేను."

ఇరవై ఒకటి. ఆ అంకె నా నోట్‌బుక్కు అట్ట లోపల రాసుకుని కింద గీత గీశాను.

మొదట్లో నాకు పట్టుకున్న చిరాకంతా మందుల దుకాణం మీదే. డబ్బా అయిపోయి కొత్తది రావడం ఆలస్యమైతే, మనుషులు వేసుకునే ఇలాంటి గొట్టం మాత్రలే విప్పి కలపమని డాక్టరమ్మ చీటీ రాసింది. మా గేటు ఎదుటి దుకాణంలో చీటీ ఇచ్చాను. అతను చదివి, "ఎవరికమ్మా?" అన్నాడు.

"కుక్కకు."

"కుక్కకా? అరుగుదలకే కద. ఇగ ఇది తీస్కోండ్రి, సేమ్ పనిచేస్తది," అని సోంపు వాసన వచ్చే పచ్చరంగు సీసా ఒకటి ముందు పెట్టాడు.

"చీటీలో గిదే ఉన్నదా?"

"గది లేదమ్మా, కానీ దీంట్ల జీలకర్ర గిట్ల అన్నీ ఉన్నయి."

"నాయనా, జీలకర్రతోని అయ్యేదైతే మా ఇంట్ల పోపుల డబ్బా ఉన్నది. చీటీల ఉన్నది ఇస్తవా, వేరే దుకాణం చూస్కోవాల్నా?"

చివరికి మూడో దుకాణంలో దొరికింది. ఆ మూడు దుకాణాల్లోనూ నాకు సలహాలు మాత్రం కొదవ లేకుండా దొరికాయి. ఒకతను వాము నీళ్ళన్నాడు. కొనడానికి వచ్చిన ఇంకొకతను, కుక్కకు ఇన్ని ఖర్చులు పెట్టేబదులు, అని మొదలుపెట్టి నా ముఖం చూసి ఆపేశాడు.

ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. పార్సిళ్ళు తూచే చదును కాటా ఒకటి కొన్నాను. దాని మీద నమ్మకమైన ఐదు కిలోల రాయి పెట్టి, ఎంత చూపిస్తుందో చూసి, అప్పుడు గానీ కుక్కను ఎక్కించేదాన్ని కాదు. ప్రతి గురువారం పొద్దున తూకం. నోట్‌బుక్కులో గడులు: తేదీ, పూట, తిండి ఎన్ని గ్రాములు, పొడి ఎన్ని చెంచాలు, ఎన్ని నిమిషాలు నానింది, మలం ఎలా ఉంది. మలానికి మూడు గుర్తులు పెట్టుకున్నాను: బాగు, మధ్యస్థం, ఘోరం.

మనవరాలు చూసి, "అమ్మమ్మా, నువ్వు కుక్కను పెంచుతున్నవా, ఆడిట్ చేస్తున్నవా?" అంది.

"నువ్వు నిన్న దాని ముంగట చిప్స్ పాకెట్ విప్పినవు. ఒకటి కింద పడ్డది. అది కూడా రాసిన."

"ఒక్క చిప్పు అమ్మమ్మా!"

"ఒక్కటే రాసిన."

మొదటి వారం మూడు వందల గ్రాములు పెరిగింది. నేను ఎవరికీ చెప్పలేదు గానీ సంతోషించాను. రెండో వారం ఐదు వందలు తగ్గింది. మూడో వారం ఇంకో మూడు వందలు. ఇరవై రెండూ నూరు. పొడి అంతే, తిండి అంతే, నానబెట్టిన నిమిషాలు అంతే. డాక్టరమ్మ సూది మందు ఇచ్చింది, పొడి చెంచాన్నర చేసింది. తగ్గుదల ఆగలేదు.

లెక్క తప్పుతున్నదంటే లెక్కలోకి రానిది ఏదో ఉందని అర్థం. శాఖలో నేర్చుకున్నది అదొక్కటే. ఒకరోజు మధ్యాహ్నం నోట్‌బుక్కు ముందేసుకుని, మలం గడిని పైనుంచి కిందికి వేలితో చదివాను. రోజూ మధ్యస్థమే. ఘోరం అన్నది మాత్రం ఎప్పుడుపడితే అప్పుడు రాలేదు. ఆదివారం, సోమవారం. ఆదివారం, సోమవారం. మూడు వారాలూ అంతే. ఆదివారం పాడవుతున్నదంటే శనివారం ఏదో పోతున్నది లోపలికి.

శనివారం సాయంత్రం కుక్కను కిందికి తీసుకెళ్ళేది మా ఆయమ్మ. నాకు మోకాళ్ళు సహకరించవు. ఆమెది నాగర్‌కర్నూల్ వైపు ఊరు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, మా బిల్డింగులో మెట్లు ఊడ్చి, మా ఇంట్లో గిన్నెలు తోమి, కుక్కను తిప్పుతుంది. జూలై ఐదు, శనివారం, ఆమె కుక్కను తీసుకుని వెళ్ళిన పది నిమిషాలకు నేనూ కర్ర పట్టుకుని కిందికి దిగాను.

పార్కింగు వెనక, జనరేటర్ గది పక్కన, పద్ధతిగా వరస కట్టి నిలబడ్డారు. ఆరుగురు. చేతుల్లో స్టీలు డబ్బాలు, ఒకామె చేతిలో వెండి పళ్ళెం. మా కుక్క రాజుగారిలా కూర్చుంది. ఒక్కొక్కరూ వచ్చి నువ్వులు చల్లి, నువ్వులనూనె రాసిన రొట్టె దాని ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని పక్కకు తప్పుకుంటున్నారు. అది నమలడం కూడా లేదు, మింగేస్తోంది. మా ఆయమ్మ గొలుసు పట్టుకుని, గుళ్ళో పూజారిలా, "జర ఆగుండ్రి, ఒక్కొక్కరే రాండ్రి," అంటోంది.

నా గొంతు ఎంత పైకి లేచిందో నాకు తెలియదు. "ఏంది గిది?" అన్నాను. ఆరుగురూ గతుక్కుమన్నారు. కుక్క మాత్రం తోక ఊపింది.

వెండి పళ్ళెం ఆవిడ ముందుకొచ్చింది. తొమ్మిదో అంతస్తు, రాజమండ్రి వైపు వాళ్ళు, నాకంటే పదేళ్ళు చిన్న. "పిన్నిగారూ, మీరు కంగారు పడకండి. మావాడికి ఏలినాటి శని నడుస్తోందండి. ప్రాజెక్టు పోయి నాలుగు నెలలైంది, ఖాళీగా కూర్చోబెట్టారు. శనివారాలు నల్ల కుక్కకి రొట్టె పెట్టమన్నారండి సిద్ధాంతిగారు."

"ఊళ్ళె నల్ల కుక్కలే లేవా?"

"ఎక్కడున్నాయండి? గేటు లోపలికి వీధి కుక్కల్ని రానివ్వకూడదని మీరే కదండీ మీటింగులో సంతకం పెట్టారు?"

పెట్టాను. కాలనీలో శని పట్టిన వాళ్ళందరికీ మిగిలిన ఒకే ఒక్క నల్ల కుక్క మాదే అయింది.

ఆయమ్మ వైపు తిరిగాను. "డాక్టరమ్మ చెప్పింది నీకు చెప్పిన్నా లేదా? పొడి లేకుంట ఏదీ పెట్టొద్దని?"

"చెప్పినవ్ పెద్దమ్మా. గని నేను పెట్టలే కద, వీళ్ళు పెట్టిండ్రు. దేవుని పేరు మీద పెడ్తుంటె నేనెట్ల వద్దంట? నాకెందుకు పెద్దమ్మా ఆ పాపం?"

"ఇంకా నయం అండి," అంది తొమ్మిదో అంతస్తు ఆవిడ. "ఎముకల గూడులా ఉంది పాపం. మేం వారానికోసారైనా పెట్టబట్టి బతికుంది."

అప్పుడు నాకు అర్థమైంది, లిఫ్టులో నిట్టూర్పుల మూలం ఎక్కడుందో. బక్కగా ఉందని పెడతారు. పెట్టినందుకు ఇంకా బక్కగా అవుతుంది. ఇంకా బక్కగా అయిందని ఇంకో రొట్టె ఎక్కువ పెడతారు. క్లోమం గురించి చెప్పాను. రసాల గురించి చెప్పాను. ఆరుగురిలో నలుగురు పెద్ద చదువులు చదివిన వాళ్ళు, ఒకతను ఏదో యాప్ తయారుచేస్తాడట, మనిషి పీల్చే గాలి కూడా లెక్కపెట్టేది. అతను కూడా, "ఒక్క రొట్టెకు ఏం కాదులెండి ఆంటీ," అన్నాడు. ఆరుగురివి ఆరు ఒక్క రొట్టెలు!

ఇక వాళ్ళ దారిలోనే పోవాలనుకున్నాను. "సరే అమ్మా," అన్నాను ఆవిడతో. "నల్ల కుక్క తింటేనే కద మీకు ఫలం?"

"అవునండి."

"మరి తిన్నది దానికి ఒంటబట్టాలె కద? నీ రొట్టె దాని ఒంటికి చేరలే. ఎట్ల పెట్టినవో అట్ల బయటికి పొయ్యింది. రేపు పొద్దుగాల్ల వస్తే చూపిస్త, నువ్వుగింజతో సహా. ఇగ నీ కొడుక్కు ఫలం ఎట్ల వస్తది?"

ఆవిడ ముఖం పాలిపోయింది. నాలుగు నెలల శనివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నట్టు కనిపించింది. మరుక్షణమే తేరుకుని, "అయితే ఆ పొడేదో మా రొట్టెల్లో కలిపి పెడతామండి. కాస్త మాకూ ఇప్పించండి," అంది. వెనక ఐదుగురూ తలలూపారు. యాప్ అతను డబ్బా ఫొటో పంపించమన్నాడు, అందరూ కలిసి తెప్పించుకుంటారట.

"పంది పొడి అది," అన్నాను. "పంది పొట్టల నుంచి తీస్తరు."

"రామ రామ!" అని ఆవిడ వెండి పళ్ళెం గుండెలకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "శనీశ్వరుడికి పెట్టే రొట్టెలో పందా! ఎంత మాటండీ!"

నేను ఆ రోజు ఇంటికొచ్చి మనవరాలికి ఆవిడ అడుగులు వేసి చూపించి మరీ నవ్వాను. పంది పేరు చెప్పగానే వరస ఎలా చెదిరిందో చెప్పాను. దేవుడికి ఇంత మడి అక్కర్లేదని, మనిషి తన సౌకర్యానికి పెట్టుకున్నవే ఇవన్నీ అని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

శనివారాలు ఆగిపోయాయి. వాళ్ళు కారు వేసుకుని ఎక్కడో మూసాపేట వైపు ఒక నల్ల కుక్కను వెతుక్కున్నారని ఆయమ్మ చెప్పింది. ఆ మూసాపేటలోనే పుట్టినదాన్ని నేను. అక్కడి కుక్కలకు ఏ రొట్టెనైనా అరిగించుకునే శక్తి ఉందని నాకు తెలుసు. ఇక మా కుక్క తేరుకోవడమే మిగిలిందనుకున్నాను.

జూలై పదో తేదీ తూకం ఇరవై ఒకటీ తొమ్మిది వందలు. పాత రొట్టెల ఫలం అనుకున్నాను. పదిహేడున కూడా అంతే. ఇరవై నాలుగున నూరు గ్రాములు ఇంకా తగ్గింది. ఆదివారాలు, సోమవారాలు ఇప్పుడు ఘోరంగా లేవు. కానీ ఏ రోజూ బాగు లేదు. గడి నిండా మధ్యస్థం, మధ్యస్థం. అట్ట లోపల రాసుకున్న అంకెకు ఎనిమిది వందల గ్రాముల దూరంలో ఉన్నాం. దాని నడుము దగ్గర ఎముకలు కూర్చున్నప్పుడు నేలకు తగిలి చప్పుడయ్యేవి. కింద పరుపు వేశాను. దాన్నీ తినబోయింది.

ఇరవై ఐదు, శుక్రవారం, మళ్ళీ కొత్తగూడ. కుక్క క్యాబు ఎక్కడానికి కూడా సత్తువ లేక నిలబడిపోతే ఆయమ్మ ఎత్తి కూర్చోబెట్టింది. మనవరాలికి మీటింగు. ఆయమ్మే నాతో వచ్చింది.

డాక్టరమ్మ నోట్‌బుక్కు మొత్తం చదివింది. ఇంత శుభ్రంగా రాసినవాళ్ళను చూడలేదంది. నేను తల కొంచెం ఎత్తాను. "కానీ తూకం ఎక్కట్లేదు," అంది. "రోజూ కొంచెం ఏదో చెడగొడుతున్నట్టే ఉంది. లేచిన దగ్గర నుంచి దాని నోట్లోకి పోయేవన్నీ మళ్ళీ ఒకసారి చెప్పండమ్మా."

చెప్పాను. ఎనిమిదింటికి మూడు వందల యాభై గ్రాములు, చెంచాన్నర. రెండింటికి అంతే. ఏడింటికి అంతే. నీళ్ళు. ఇంకేమీ లేదు.

"ఇంకేమీ లేదా?"

"నేను తూనికల శాఖల చేసిన తల్లీ. ఇంకేమన్న ఉంటే రాయకుంట ఉంటనా?"

ఆయమ్మ కుక్క చెవి నిమురుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "మరి పొద్దుగాల్ల ప్రసాదం?"

నేను పొద్దున ఆరింటికి స్నానం చేసి పూజ చేస్తాను. రోజూ నైవేద్యం పులగం. బియ్యం, పెసరపప్పు, మిరియాలు, పైన నెయ్యి. హారతి అయ్యేసరికి కుక్క వచ్చి పూజ గది గడప అవతల కూర్చుంటుంది. లోపలికి ఎన్నడూ రాదు, ఆ బుద్ధి దానికి ఉంది. నేను ఒక ముద్ద తీసి దాని నోటికి అందిస్తాను, మిగిలింది నేనూ మనవరాలూ తింటాం. కుక్కపిల్లగా వచ్చిన రోజు నుంచి ఇది ఒక్కరోజు తప్పలేదు.

అది రాయలేదు నేను. దాచలేదు, మరచిపోలేదు. నా బుర్రలో అది తిండే కాదు. ప్రసాదం తిండి ఎలా అవుతుంది? ప్రసాదాన్ని ఎవరైనా తూస్తారా? పస్తు ఉన్నవాళ్ళు కూడా కళ్ళకద్దుకుని ఇంత నోట్లో వేసుకుంటారు, పస్తు చెడిందనుకోరు.

"ఎంత ఉంటుందమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఇంత. చిటికెడు."

"నెయ్యి?"

నేను బల్ల మీది నోట్‌బుక్కు మూసేశాను.

"పొడి లేకుండా నెయ్యి దానికి విషంతో సమానం అమ్మా. పొద్దున్నే ఖాళీ కడుపులోకి అది పోయి పేగులను కలియబెడితే, రెండు గంటల తర్వాత మీరు ఎంత లెక్కగా పెట్టినా నిలవదు." ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

కారులో ఆయమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఇన్ని దినాలు చూస్కుంట ఊకున్నవా? ముందుగాల చెప్పొద్దా?"

"నీకు తెల్వదా పెద్దమ్మా? పెట్టేది నువ్వే కద. నువ్వు ఏది చేసినా లెక్కతోనే చేస్తవని అనుకున్న."

మరునాడు పొద్దున హారతి అయ్యాక, రోజూ తీసినట్టే ముద్ద తీసి, దాని నోటికి కాకుండా వంటింటి కాటా మీద పెట్టాను. నేను చిటికెడన్నది ఎనభై ఐదు గ్రాములు. నలభై నాలుగు రోజులు. మూడు కిలోల ఏడు వందల నలభై గ్రాములు రాయని తిండి. బజారులో ఎవడైనా ఈ మాత్రం తేడాతో దొరికితే ఆ కాటా అక్కడే జప్తు చేసేదాన్ని.

ఆ రోజు దానికి ప్రసాదం పెట్టలేదు. గడప అవతల కూర్చుంది. పూజ గది తలుపు వేశాను. తలుపు అవతల కూర్చుంది. ఎనిమిదింటికి పొడి కలిపిన గిన్నె పెడితే తిని, మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చుంది. రెండో రోజూ అంతే. అరవదు, గీరదు. ఊరికే కూర్చుని నా చేతి వంక చూస్తుంది. నాకు పూజలో మంత్రం మధ్యలో తప్పిపోయింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మనవరాలు, "పెట్టకపోతే పెట్టకపోయినవ్, దాని కండ్లల్లకు చూడకు," అంది. చూడకుండా ఎలా? ఉన్నది రెండు గదుల ఇల్లు.

మూడో రోజు తొమ్మిదో అంతస్తుకు వెళ్ళాను. ఆవిడను అందరి ముందు కడిగేసినదాన్ని. ఆవిడ రొట్టె వారానికి ఒకటి, నాది రోజుకొక ముద్ద. చెప్పకపోతే నాకే మనసు నిలవదు. గుమ్మంలో నిలబడే చెప్పాను, కాఫీ వద్దన్నాను, జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆవిడ అంతా విని, "అయ్యో పిన్నిగారూ, ప్రసాదం తిండెలా అవుతుందండీ?" అంది.

"అయితది. ఎనభై ఐదు గ్రాములు."

"మీరు మరీనండీ. దేవుడి ప్రసాదం వల్ల ఎవరికైనా చెరుపు జరుగుతుందా?"

"జరిగింది. నోట్‌బుక్కు తెచ్చి చూపియ్యాల్నా?"

"మరి ఇప్పుడేం చేస్తున్నారు?"

"బంద్ చేసిన."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నోరు లేని జీవికి ప్రసాదం మానేశారా! పాపం చుట్టుకుంటుందండి!"

ఈవిడతో క్షమాపణ కూడా పూర్తిగా చెప్పుకోలేమని అప్పుడు తెలిసింది. కొడుకు సంగతి అడిగాను. ఇంకా ఏమీ రాలేదట. రెండు చోట్ల ఇంటర్వ్యూలు జరిగాయట. ఏదో ఒకటి వస్తుందన్నాను. నిజంగానే అన్నాను. లిఫ్టు దిగుతూ ఆవిడను తిట్టుకున్నాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను, తర్వాత ఆ క్లోమాన్ని తిట్టుకున్నాను.

నాలుగో రోజు పొద్దున పులగం వండాను. నైవేద్యం పెట్టాను. హారతి ఇచ్చాను. దేవుడు తినాల్సింది తిన్నాడు. ఇక మిగిలింది ఎవరికి ఎలా పెట్టాలన్నది నా పని. ముద్ద తీసి, వంటింట్లోకి తెచ్చి, తూచాను. పదిహేను గ్రాములకు తగ్గించాను. నెయ్యి తగలని చోటి నుంచి తీసింది. చల్లారిందో లేదో మణికట్టు మీద పెట్టి చూసుకున్నాను. పొడి డబ్బా మూత తీశాను.

చెయ్యి ఆగింది. ఆగలేదని రాస్తే అబద్ధం. డెబ్బై నాలుగేళ్ళలో దేవుడి ముందు నుంచి తెచ్చిన అన్నం మీద ఉప్పు కూడా మళ్ళీ చల్లి ఎరుగను. ఇంట్లో కోడి వండుకుంటాం గానీ, ఆ గిన్నెలు పూజ గది వైపు ఎన్నడూ రానివ్వలేదు. తొమ్మిదో అంతస్తు ఆవిడ రెండడుగులే వెనక్కి వేసింది. నేను ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చాను. స్టవ్ తుడిచాను. అది అవసరం లేదు, ఆయమ్మ అప్పుడే తుడిచి ఉంది.

ఆయమ్మ చీపురు ఆపి చూస్తోంది. "పెద్దమ్మా, దేవుడు చూస్తుండు," అంది.

"చూడనియ్యి. తూకం కూడా చూడమను."

పావు చెంచా పొడి, రెండు చుక్కల నీళ్ళు. వేలితో కలిపాను. ఎండు చేపల వాసనా మిరియాల వాసనా కలిసి వంటిల్లు నిండింది. ఇరవై నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాను. తర్వాత వెళ్ళి గడప ఇవతలి నుంచి ముద్ద అందించాను. నాలుగు రోజుల నుంచి ఎదురుచూసినది, దాన్ని వాసన చూసి, నా ముఖం చూసి, ఇదేమిటన్నట్టు తల పక్కకు తిప్పుకుంది.

"తింటవా తినవా?" అన్నాను. "నేను ఏం చేసి తెచ్చిన్నో నీకు తెలుసా?"

తింది. నేను సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, నోట్‌బుక్కులో కొత్త గడి గీశాను. ప్రసాదం, పదిహేను గ్రాములు, పావు చెంచా, ఇరవై నిమిషాలు. పాత నలభై నాలుగు రోజుల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, "సరికాదు" అని రాసి సంతకం పెట్టాను.

జూలై ముప్ఫై ఒకటి, గురువారం. ఐదు కిలోల రాయి పెట్టి చూశాను, కాటా ఐదే చూపించింది. కుక్కను ఎక్కించాను. దిగిపోయింది. ఎక్కించాను. అంకె నిలబడే లోపల ఒళ్ళు దులుపుకుంది. మనవరాలు చెవుల డబ్బాలు తీసి వచ్చి ముందు కాళ్ళు పట్టుకుంది. ఆయమ్మ వెనక నుంచి కూర్చోబెట్టింది. "కదలకు ముండా, ఒక్క క్షణం," అన్నాను. ఇద్దరినీ చేతులు తీసేయమన్నాను.

ఇరవై రెండు కిలోల నూట యాభై గ్రాములు.

నమ్మకం కలగక మళ్ళీ దించి, రాయి పెట్టి, మళ్ళీ ఎక్కించాను. అంతే చూపించింది.